కంప్యూటర్ నియంత్రిత పాత కార్లలో ఇంజన్ లోపాల నిర్ధారణ

పెట్రోలు ఎంత పోయాలి, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలి అన్న రెండు నిర్ణయాలను కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరుల చేతి నుంచి తీసుకుని ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్‌కు అప్పగించిన కార్లను కంప్యూటర్ నియంత్రిత కార్లు అంటారు. ఈ యూనిట్‌ను షెడ్లలో ఈసీయూ అనీ, ఈసీఎం అనీ పిలుస్తారు. ఇలాంటి కారు స్టార్ట్ కాకపోయినా, మిస్సింగ్ కొట్టినా, పికప్ తగ్గినా, పెట్రోలు ఎక్కువ తాగినా అందుకు కారణాన్ని ఒక క్రమంలో వెతికి పట్టుకోవడమే లోప నిర్ధారణ.

ఏ కారును పాతదనాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1981 నుంచి 1995 వరకు తయారైన కార్లను ఈ కోవలో చేరుస్తారు. భారతదేశంలో 1990ల చివర్లో మొదలై 2010 వరకు వచ్చిన ఎంపీఎఫ్ఐ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) కార్లను ఇలా పరిగణించవచ్చు. రెండు చోట్లా ఉమ్మడి లక్షణం ఒకటే: కంప్యూటర్ ఉంటుంది, కానీ తన లోపాన్ని తాను చెప్పుకునే శక్తి దానికి పరిమితం. ఈ కార్లలో ఈసీయూ చెడిపోవడం అరుదు. తరచుగా చెడేవి దానికి సమాచారం మోసే వైర్లు, కనెక్టర్లు, ఎర్తింగ్, గాలి గొట్టాలు, పెట్రోలు సరఫరా, ప్లగ్గులు. నిర్ధారణ క్రమమంతా ఈ వాస్తవం మీదే నిలబడి ఉంది.

చరిత్ర

ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్‌ను మొదట అమెరికాలో బెండిక్స్ సంస్థ ఎలక్ట్రోజెక్టర్ పేరుతో తెచ్చింది. 1958 మోడల్ క్రైస్లర్ కార్లు కొన్నింటిలో అమర్చారు. అప్పటి విడిభాగాలు వేడికీ, తేమకూ తట్టుకోలేకపోవడంతో ఆ కార్లలో అధిక భాగానికి మళ్లీ కార్బ్యురేటర్లే బిగించాల్సి వచ్చింది. వాణిజ్యపరంగా నిలదొక్కుకున్న తొలి వ్యవస్థ జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కోసం ఇచ్చిన డీ-జెట్రానిక్. 1976లో వోల్వో కార్లలో ఆక్సిజన్ సెన్సార్ వచ్చింది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులో బాష్ మోట్రానిక్ ఇంధనాన్నీ, ఇగ్నిషన్‌నూ ఒకే కంప్యూటర్ కిందికి తెచ్చింది.

అమెరికాలో ఈ మార్పును తొందరపెట్టినవి చట్టాలు. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం, 1973 చమురు సంక్షోభం తరువాత వచ్చిన మైలేజీ నిబంధనలు కలిసి కార్బ్యురేటరుకు సాధ్యం కానంత కచ్చితత్వాన్ని కోరాయి. జనరల్ మోటార్స్ 1981 మోడళ్లలో కంప్యూటర్ కమాండ్ కంట్రోల్‌ను దేశవ్యాప్తంగా ప్రవేశపెట్టింది. ఇందులో కార్బ్యురేటరు అలాగే ఉంది. దానిలోని ఒక సోలినాయిడ్‌ను మాత్రం కంప్యూటర్ ఆడించేది. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు సామాన్యుడికి పరిచయమైంది ఈ కార్లతోనే.

లోపాల కోడ్‌లు చదివే పద్ధతి తొలి రోజుల్లో కంపెనీకి ఒకటిగా ఉండేది. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు 1988 మోడళ్ల నుంచి స్వయం నిర్ధారణ వ్యవస్థను తప్పనిసరి చేసింది. దీన్నే తరువాత ఓబీడీ-1 అన్నారు. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే ఆకారపు 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్‌లు ఉండే ఓబీడీ-2 వచ్చింది. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లో ఇలాంటి నియమం అమలైంది.

భారతదేశంలో

1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరైంది. వాటి కోసం సీసం లేని పెట్రోలు అమ్మకం మొదలైంది. దేశ రాజధాని ప్రాంతంలో యూరో కాలుష్య ప్రమాణాలను ముందుకు జరుపుతూ 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం కార్బ్యురేటరుకు కాలం చెల్లేలా చేసింది. 1998లో హ్యుందాయ్ శాంత్రో ఎంపీఎఫ్ఐతోనే వచ్చింది. మారుతీ 800కు 2000 ప్రాంతంలో ఆ రూపం దక్కింది. డిక్కీ మీద ఎంపీఎఫ్ఐ అన్న అక్షరాలను కంపెనీలు గొప్పగా అతికించిన కాలమది.

హైదరాబాద్‌లో భారత్ స్టేజ్-2 కాలుష్య ప్రమాణాలు 2003లో, స్టేజ్-3 2005లో, స్టేజ్-4 2010లో అమలయ్యాయి. స్వయం నిర్ధారణ వ్యవస్థ మాత్రం 2010 ఏప్రిల్ నుంచి స్టేజ్-4 కార్లతో మొదలై, 2013 ఏప్రిల్‌లో రెండో దశకు చేరింది. అంటే 2000-2010 మధ్య మనవాళ్లు కొన్న కార్లలో కంప్యూటర్ ఉన్నా, అందరి స్కానర్‌కూ ఒకే భాషలో జవాబివ్వాలన్న నిబంధన లేదు. వీటిలో చాలా కార్లకు 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్న చవక బ్లూటూత్ అడాప్టర్ అందులో చక్కగా దిగుతుంది, కానీ అవతల నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. సాకెట్ ఆకారం ఒకటే అయినా లోపల నడిచేది కంపెనీ సొంత ప్రొటోకాల్ కావడమే కారణం.

వ్యవస్థ పనిచేసే తీరు

ఈసీయూకు లోపలికి వచ్చే సమాచారం సెన్సార్ల నుంచి, బయటికి పోయే ఆజ్ఞ ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్, ఐడ్లింగ్ వాల్వు, పెట్రోలు పంపు రిలేలకు. క్రాంక్ షాఫ్ట్ సెన్సార్ ఇంజన్ తిరుగుతోందా, పిస్టన్ ఏ స్థానంలో ఉంది అన్నది చెబుతుంది. ఇది మూగబోతే ఈసీయూ నిప్పురవ్వనూ, ఇంధనాన్నీ రెండింటినీ ఆపేస్తుంది. తక్కిన సెన్సార్లలో చాలావాటిలో ఏది పోయినా ఇంజన్ ఏదో ఒక తీరున నడుస్తుంది.

లోపలికి వెళ్లే గాలిని కొలిచే పద్ధతులు రెండు. మొదటిది గాలి పరిమాణాన్ని నేరుగా కొలిచే మాఫ్ సెన్సార్. రెండోది ఇన్‌టేక్ మానిఫోల్డులోని పీడనాన్ని కొలిచి గాలిని లెక్కగట్టే మ్యాప్ సెన్సార్. భారతీయ చిన్న కార్లలో రెండోదే ఎక్కువ. మాఫ్ ఉన్న కారులో గొట్టం పగిలి బయటి గాలి దూరితే అది లెక్కలోకి రాదు, మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వణుకుతుంది. మ్యాప్ ఉన్న కారులో అదే గాలి పీడనాన్ని పెంచుతుంది, ఈసీయూ దానికి తగ్గట్టు పెట్రోలు పోస్తుంది, ఐడ్లింగ్ పెరిగిపోతుంది. ఒకే పగులు రెండు కార్లలో రెండు రకాల లక్షణాలు చూపుతుంది కనుక ముందుగా ఏ పద్ధతి వాడారో తెలుసుకోవాలి.

పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు ఇంధనం కావాలి. సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ ఈ నిష్పత్తి తప్పిందో లేదో చెబుతుంది. సాధారణ జిర్కోనియా సెన్సార్ సుమారు 300 డిగ్రీల వేడి ఎక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది: 0.45 కంటే ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ, తక్కువైతే గాలి ఎక్కువ. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ ఈ సెన్సార్‌ను పట్టించుకోకుండా పట్టికలోని లెక్కతో నడుపుతుంది. దీన్ని ఓపెన్ లూప్ అంటారు. వేడెక్కాక సెన్సార్ చెప్పినట్టు దిద్దుకుంటూ నడవడం క్లోజ్డ్ లూప్. దిద్దుబాటు ఎంత శాతమో చూపే అంకెను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ధనం 10 శాతానికీ రుణం 10 శాతానికీ మధ్య ఉంటే సాధారణం. ఏదైనా సెన్సార్ నమ్మదగని విలువ ఇస్తే ఈసీయూ దాన్ని పక్కన పెట్టి, ముందే రాసి ఉంచిన విలువతో బండిని ఇల్లు చేరుస్తుంది. దీన్ని లింప్ హోమ్ అంటారు. (చూ. ఇంధన ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సార్)

లోప కోడ్‌లు

ఓబీడీ-2కు ముందటి కార్లలో కోడ్‌లను లైటు మినుకుల ద్వారా చదివేవారు. జనరల్ మోటార్స్ కార్లలో 12 పిన్నుల సాకెట్‌లోని ఏ, బీ పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటు మినుకుతుంది. ఒక మినుకు, కాస్త విరామం, రెండు మినుకులు వస్తే 12. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12 రావడమంటే స్వయం నిర్ధారణ పనిచేస్తోందని అర్థం. టయోటాలో టీఈ1, ఈ1 పిన్నులను కలుపుతారు. లోపం లేకపోతే లైటు ఆగకుండా సమానంగా మినుకుతుంది. క్రైస్లర్ కార్లలో వైరు అక్కర్లేదు, తాళాన్ని వరసగా మూడుసార్లు ఆన్ చేస్తే చాలు. 55తో కోడ్‌లు ముగుస్తాయి. ఫోర్డ్ ఈఈసీ-4లో 11 వస్తే పరీక్ష నెగ్గినట్టు. సుజుకీ వ్యవస్థల్లో డయాగ్నోసిస్ టెర్మినల్‌ను ఎర్త్ చేస్తే మినుకులు వస్తాయి; వాటిలో 12 అంటే లోపం లేదని. ఒకే అంకెకు కంపెనీని బట్టి అర్థం మారుతుంది కనుక ఆ మోడల్ సర్వీసు పుస్తకం లేకుండా మినుకులు లెక్కపెట్టి లాభం లేదు.

ఓబీడీ-2 కోడ్‌లో ఒక అక్షరం, నాలుగు అంకెలు ఉంటాయి. పీ అంటే ఇంజన్, గేరుబాక్సు విభాగం. తరువాతి అంకె సున్నా అయితే అందరికీ ఉమ్మడి కోడ్, ఒకటి అయితే కంపెనీ సొంతం. పీ0300 అంటే సిలిండర్ ఇదీ అని చెప్పలేని మిస్సింగ్. పీ0301 మొదటి సిలిండర్‌లో మిస్సింగ్. పీ0335 క్రాంక్ సెన్సార్ సర్క్యూట్. పీ0420 క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గడం. కోడ్ పడిన క్షణంలో వేడి, వేగం, లోడు ఎంత ఉన్నాయో దాచి ఉంచే పట్టికను ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపేస్తే ఇది కూడా పోతుంది. అందుకే ముందు రాసుకుని, తరువాతే చెరపాలి.

కోడ్ చూపేది సర్క్యూట్‌ను, విడిభాగాన్ని కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్ల చాలా డబ్బు వృథా అవుతుంది. పీ0171 దీనికి మంచి ఉదాహరణ. మిశ్రమంలో గాలి ఎక్కువైందని దీని అర్థం. కబురు చెప్పింది ఆక్సిజన్ సెన్సార్ కనుక చాలా చోట్ల ముందు దాన్నే మారుస్తారు. నిజానికి అది తన పని తాను చేసింది. అసలు కారణం గాలి లీకు కావచ్చు, పెట్రోలు పీడనం తగ్గడం కావచ్చు, మాఫ్ సెన్సార్ తీగకు దుమ్ము పట్టడం కావచ్చు, సెన్సార్‌కు ముందు సైలెన్సర్ గొట్టం చిల్లిపడడం కావచ్చు. ఫ్యూయల్ ట్రిమ్ చూస్తే వీటిని విడదీయవచ్చు. మాఫ్ ఉన్న కారులో ఐడ్లింగ్‌లో ట్రిమ్ ధనం 25 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర 5 శాతానికి దిగితే గాలి లీకు ఉన్నట్టు. ఐడ్లింగ్‌లో బాగుండి లోడు పడ్డకొద్దీ పెరిగితే పెట్రోలు చాలడం లేదు, పంపునో ఫిల్టర్‌నో చూడాలి.

నిర్ధారణ క్రమం

పని బ్యాటరీతో మొదలవుతుంది. విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే ఈసీయూ తిన్నగా పనిచేయదు. దాని తరువాత కనిపించే ఏ లక్షణాన్నీ నమ్మలేం.

రెండోది ఎర్తింగ్. పాత కార్లలో ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక తీగ తుప్పు పట్టి సగం తెగి ఉంటుంది. ఓమ్ మీటర్‌తో కొలిస్తే బాగానే చూపుతుంది, ఎందుకంటే ఒక్క పోగు మిగిలినా మీటరుకు చాలు. కరెంటు పారుతుండగా కొలవాలి: మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, మరో కొస ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే 0.5 వోల్టు దాటకూడదు. సెన్సార్ ఎర్త్ దగ్గర ఇంజన్ నడుస్తుండగా 0.1 వోల్టు దాటకూడదు. ఇక్కడ అర వోల్టు ఉంటే సెన్సార్లన్నీ ఆ మేరకు తప్పు చెబుతాయి. పొంతన లేని నాలుగైదు కోడ్‌లు ఒకేసారి పడతాయి. అలాంటప్పుడు ఒక్కో సెన్సార్‌నూ కాక వాటికి ఉమ్మడిగా ఉన్న వైరును వెతకాలి.

మూడోది కంటితో చూడడం. వాక్యూమ్ గొట్టాల కొసలు పగిలాయా, ఎయిర్ ఫిల్టర్ నుంచి త్రాటిల్ దాకా ఉన్న రబ్బరు గొట్టం మడతల్లో చీలిందా, కనెక్టర్ లాక్ విరిగి వదులైందా, ఎలుకలు వైరింగ్ కొరికాయా చూడాలి. ఎలుకల మాట మన దగ్గర పట్టించుకోవాల్సిందే: వారాల తరబడి కదలకుండా నిలిపి ఉంచిన కారు బానెట్ కింద అవి గూడు కడతాయి.

ఆ తరువాతే కోడ్‌లు, స్కానర్‌లో అప్పటికప్పుడు కనిపించే సెన్సార్ విలువలు (లైవ్ డేటా). కోడ్ సూచించిన సర్క్యూట్‌లో మూడు కొలతలు తీయాలి: 5 వోల్టుల సరఫరా వస్తోందా, ఎర్త్ ఉందా, సిగ్నల్ ఎంత ఉంది. మూడూ సరిగా ఉండి విలువ తప్పైతేనే సెన్సార్ మార్చాలి.

చివరిది యాంత్రిక పరీక్ష. వాల్వు, పిస్టన్ రింగు, హెడ్ గాస్కెట్, టైమింగ్ బెల్టు లోపాలను సరిదిద్దడం కంప్యూటర్ వల్ల కాదు. సిలిండర్ల కంప్రెషన్ మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటకూడదు. టైమింగ్ బెల్టు ఒక్క పన్ను జారితే ఏమవుతుందో మ్యాప్ ఉన్న కారులో గమనించదగినది: ఐడ్లింగ్‌లో మానిఫోల్డు వాక్యూమ్ పడిపోతుంది, ఈసీయూ దాన్ని లోడు అనుకుని పెట్రోలు పెంచుతుంది, బండి లాగదు, పొగలో పెట్రోలు వాసన వస్తుంది, అయినా ఒక్క కోడ్ కూడా పడకపోవచ్చు. ఇక్కడ స్కానర్ కంటే వాక్యూమ్ గేజీ మేలు. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న చోట ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది, ముల్లు నిలకడగా ఉంటుంది. (చూ. కంప్రెషన్ పరీక్ష, టైమింగ్ బెల్టు)

లక్షణాలను బట్టి కారణాలు

స్టార్ట్ కాకపోవడం. సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే మొదటి ప్రశ్న: నిప్పురవ్వ, ఇంధనం రెండూ లేవా, ఒకటే లేదా? రెండూ లేకపోతే క్రాంక్ సెన్సార్, ప్రధాన రిలే, ఈసీయూకు వచ్చే ఫ్యూజు చూడాలి. చాలా కార్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదలకపోవడం క్రాంక్ సెన్సార్ మీద అనుమానానికి తావిస్తుంది. నిప్పురవ్వ ఉండి ఇంధనం లేకపోతే పంపు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు మోటారు గుయ్యిమన్న చప్పుడు రావాలి. ఇంజన్ అందుకుని సెకను రెండు సెకన్లలో ఆగిపోతూ తాళం గుర్తు లైటు మినుకుతుంటే అది దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ పని, ఇంజన్‌ను విప్పక్కర్లేదు.

వేడెక్కాక ఆగిపోవడం. చల్లారాక తిరిగి స్టార్ట్ అవుతుంది. క్రాంక్ సెన్సార్ లోపలి తీగచుట్ట వేడికి సాగి తెగడం, ఇగ్నిషన్ మాడ్యూల్, రిలేలోని టంకం చిట్లడం సాధారణ కారణాలు. 1990ల నాటి హోండా కార్లలో ఎండలో నిలిపిన కారు స్టార్ట్ కాకపోవడానికి ప్రధాన రిలేలో చిట్లిన టంకం బాగా ప్రసిద్ధమైన కారణం. షెడ్డుకు చేరేసరికి బండి చల్లారి బాగానే ఉంటుంది కనుక, హెయిర్ డ్రయ్యర్‌తో ఆ ఒక్క భాగాన్నే వేడి చేసి లోపాన్ని మళ్లీ రప్పిస్తారు.

ఐడ్లింగ్ నిలకడ లేకపోవడం. ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగడాన్ని హంటింగ్ అంటారు. గాలి లీకు, త్రాటిల్ బాడీ అంచున పేరుకున్న నల్లటి మసి, బిగుసుకున్న ఐడ్లింగ్ వాల్వు దీనికి కారణాలు. మసి తుడిచాక కొన్ని కార్లలో ఐడ్లింగ్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇది కొత్త లోపం కాదు. మసికి అలవాటుపడి ఈసీయూ నేర్చుకున్న విలువ ఇంకా మెమరీలో ఉంది. కంపెనీ చెప్పిన పద్ధతిలో మళ్లీ నేర్పించాలి.

మిస్సింగ్. లోడు మీద, ఎక్కుడులో మాత్రమే వస్తే ప్లగ్గు, హైటెన్షన్ వైరు, కాయిల్. రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉన్న ఇంజన్లలో ఆ రెండూ కలిసి ఆగితే కాయిల్ అనుకోవచ్చు. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, వైర్ల మీద కాస్త నీళ్లు చల్లితే కరెంటు ఎక్కడ నుంచి బయటికి దూకుతోందో నీలి మెరుపుల్లో కనబడుతుంది. వైర్లను చేత్తో మాత్రం తాకరాదు.

పెట్రోలు ఎక్కువ తాగడం. దీనికి కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్ తరచుగా కారణమవుతుంది కనుక కాస్త వివరంగా చూడాలి. వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే రకం ఇది. మాదిరి విలువలు 20 డిగ్రీల వద్ద రెండు మూడు కిలో ఓములు, 80 డిగ్రీల వద్ద 300 ఓముల దరిదాపు. వైరు తెగితే నిరోధం అనంతం. ఈసీయూకు అది రుణం 40 డిగ్రీల చలిగా కనిపిస్తుంది. విజయవాడ మే నెలలో అలాంటి అంకె అసాధ్యం కనుక స్కానర్‌లో వెంటనే దొరికిపోతుంది, కోడ్ కూడా పడుతుంది. చిక్కు సగం చెడిన సెన్సార్‌తోనే. ఇంజన్ నిజంగా 90 డిగ్రీల్లో ఉంటే అది 50 అని చెబుతుంది. 50 సాధ్యమైన విలువే కనుక పాత ఈసీయూ తప్పు పట్టదు, లైటు వెలగదు. వేడెక్కే దశ ఇంకా ముగియలేదనుకుని పెట్రోలు అదనంగా పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, కాలక్రమంలో కన్వర్టర్ కూడా పాడవుతుంది. రాత్రంతా చల్లారిన కారులో తెల్లవారి తాళం ఆన్ చేసి, స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రతనూ లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతనూ పోల్చాలి. రెండూ దాదాపు ఒకటిగా ఉండాలి. ఆ పైన రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా నడిపి అంకె ఎలా ఎక్కుతోందో చూడాలి. థర్మోస్టాట్ వాల్వు తీసేసిన కార్లలోనూ ఇదే లక్షణం కనబడుతుంది. వేడి ఎక్కువని వాల్వు పీకి పారేసే అలవాటు కార్బ్యురేటరు రోజుల నుంచి వచ్చింది. ఎంపీఎఫ్ఐ కారులో దాని మూల్యం పెట్రోలు బంకులో చెల్లించాల్సి వస్తుంది.

పికప్ తగ్గడం. పెట్రోలు ఫిల్టర్, బలహీనపడిన పంపు, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ దీని మూడు ప్రధాన కారణాలు. చాలా పోర్ట్ ఇంజెక్షన్ కార్లలో రైలు పీడనం 2.5 నుంచి 3.5 బార్ మధ్య ఉంటుంది. ఐడ్లింగ్‌లో సరిగా ఉన్నా లోడు మీద పడిపోవచ్చు కనుక గేజీ తగిలించి బండి నడిపి చూడాలి. త్రాటిల్ పొజిషన్ సెన్సార్‌లో అరుగుదల ఉంటే యాక్సిలరేటర్ ఒక నిర్దిష్ట స్థానంలో ఉన్నప్పుడు మాత్రమే బండి జర్కు కొడుతుంది. మూసి ఉన్నప్పుడు సుమారు 0.5 వోల్టు, పూర్తిగా తెరిచినప్పుడు 4.5 వోల్టుల దాకా మధ్యలో తెగకుండా ఎక్కాలి. డిజిటల్ మీటర్‌కు ఈ తెగుదల అందకపోవచ్చు, ఆసిలోస్కోపు పట్టుకుంటుంది.

వచ్చిపోయే లోపాలు

షెడ్డులో కనిపించకుండా రోడ్డు మీద మాత్రమే వచ్చే లోపాలు నిర్ధారణలో అన్నిటికంటే కష్టమైనవి. ఇంజన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచి ఒక్కో కనెక్టర్‌ను, వైరు కట్టను మెల్లగా కదపడం, సెన్సార్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తట్టడం, అనుమానిత భాగాన్ని వేడి చేయడం, చల్లబరచడం ఇందులోని పద్ధతులు. కనెక్టర్ పిన్నులకు పట్టిన పచ్చటి చిలుము, వదులైన ఆడ పిన్ను, ఇన్సులేషన్ లోపలే తెగిన తీగ చివరికి బయటపడే కారణాలు. కోస్తా జిల్లాల ఉప్పుగాలికి చిలుము త్వరగా పడుతుంది. లోపం ఎప్పుడొచ్చింది, ఇంజన్ వేడి ఎంత, వాన పడుతోందా, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది అని యజమానిని అడిగి రాసుకున్న నాలుగు ముక్కలు స్కానర్ కంటే ఎక్కువ పనికొచ్చే సందర్భం ఇదే.

ఈసీయూ లోపాలు

సరఫరా, ఎర్త్, సిగ్నళ్లు అన్నీ సరిగా ఉన్నాయని కొలిచి తేల్చాకే ఈసీయూను అనుమానించాలి. 1980ల చివర, 1990లలో తయారైన కొన్ని జపాన్ ఈసీయూలలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కారి సర్క్యూట్ బోర్డును తినేస్తాయి; పెట్టె మూత తీస్తే చేపకంపు లాంటి వాసన వస్తుంది. నీళ్లు చేరడం, వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీయకపోవడం, షార్టయిన కాయిల్ లోపలి ట్రాన్సిస్టర్‌ను కాల్చేయడం ఇతర కారణాలు. కాయిల్ మార్చకుండా ఈసీయూ ఒక్కటే మారిస్తే కొత్తదీ కాలిపోతుంది. ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లలో పాత సామాను దుకాణం నుంచి తెచ్చిన ఈసీయూ తాళంతో జత కలపకుండా పనిచేయదు. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల విడిభాగాలు కొనేటప్పుడు మోడల్ పేరు చాలదు. పెట్టె మీది పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

గ్యాస్ కిట్లు, ఇథనాల్, డీజిల్

ఎల్‌పీజీ, సీఎన్‌జీ కిట్లు బిగించిన పాత కార్లలో ఇంజెక్టర్లకు వెళ్లే ఆజ్ఞను మధ్యలోనే పట్టి ఆపే ఎమ్యులేటర్ ఉంటుంది. ఇది చెడితే ఈసీయూకు లేని లోపం కనిపిస్తుంది. అందుకని ముందు పెట్రోలు మీద నడిపి పరీక్షించి, అవసరమైతే కిట్ వైరింగ్‌ను వేరు చేసి చూస్తారు. ఇథనాల్ కలిపిన పెట్రోలు 20 శాతానికి చేరిన తరువాత, దానికోసం రూపొందని పాత కార్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు, పంపు భాగాల మీద అదనంగా కన్ను వేయాల్సి వస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల మిశ్రమం పలచబడినట్టు కనిపించి ఫ్యూయల్ ట్రిమ్ కొంత ధనం వైపు జరుగుతుంది. పాత సర్వీసు పుస్తకంలోని విలువతో పోల్చేటప్పుడు దీన్ని దృష్టిలో ఉంచుకోవాలి. కామన్ రైల్ డీజిల్ ఇంజన్ల నిర్ధారణ వేరు. అక్కడ రైలు పీడనం వెయ్యి బార్లు దాటుతుంది, లీకును చేత్తో తడిమితే ఇంధనం చర్మంలోకి దూసుకుపోతుంది. (చూ. కామన్ రైల్ ఇంజెక్షన్)

భద్రత, చట్టం

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి ఆల్టర్నేటర్‌ను పరీక్షించే పాత అలవాటు ఈ కార్లలో పనికిరాదు. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజీ ఈసీయూను కాల్చగలదు. బల్బు టెస్టర్‌ను సెన్సార్ వైర్లకు తగిలించకూడదు, ఎక్కువ నిరోధం ఉన్న డిజిటల్ మీటరే వాడాలి. పెట్రోలు గొట్టం విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజన్ ఆగేదాకా నడిపి పీడనం దించాలి. ఎయిర్‌బ్యాగుల పసుపు రంగు కనెక్టర్లను మీటరుతో కొలవరాదు.

కాలుష్య నియంత్రణ (పీయూసీ) పరీక్షలో స్టేజ్-2కు ముందటి పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం, స్టేజ్-2, స్టేజ్-3 కార్లకు 0.5 శాతం, స్టేజ్-4 కార్లకు 0.3 శాతం. క్లోజ్డ్ లూప్‌లో నడిచే కారు కన్వర్టర్ బాగుంటే ఈ పరిమితులను దాటదు. అందువల్ల పీయూసీ కాగితం మీది అంకెలు నిర్ధారణకూ పనికొస్తాయి: కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పడుతోంది, అది తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే ఎక్కువైతే ఏదో సిలిండర్‌లో పెట్రోలు మండకుండానే బయటికి పోతోంది.